గుప్తేశ్వరం సున్నపురాళ్ళు, మా వ్యాను, నా చీలమండ

ఫోన్లో ఫోటోలు చూపించిన ప్రతిసారీ అందరూ వ్యాను దగ్గరే ఆగిపోతున్నారు. మంచం ఎలా బిగించారు, వంట ఎక్కడ చేశారు, బాత్రూం సంగతేంటి, ఎంతయింది. ఆ తర్వాతి ఫోటోలో నేను కాలికి ఇంత లావు కట్టుతో రాయి మీద కూర్చుని ఉంటే "అయ్యో, ఏమైంది" అని ఒక ముక్క అడిగేసి మళ్ళీ మంచం ఫోటోకే వెళ్ళిపోతున్నారు. అందుకని వ్యాను గొడవ మొదటే చెప్పేసి పక్కన పెడతాను. నాకు నిజంగా చెప్పాలని ఉన్నది ఆ వ్యానులో మేం వెళ్ళిన గుప్తేశ్వరం, అంటే ఒడిశా కొరాపుట్ జిల్లా అడవిలోని గుహ గుడి, అక్కడి నది ఒడ్డు రాళ్ళ గురించి.

మాది రాయగడ. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, ఎప్పుడో విజయనగరం వెళ్తే "మీరు ఒడిశా వాళ్ళా" అంటారు, ఇక్కడేమో "తెలుగు వాళ్ళు" అంటారు, అలవాటైపోయింది. మా ఆయనది ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. అమ్మాయి ఆరో తరగతి. మావయ్యకి 74 ఏళ్ళు, వయసులో ఉన్నప్పుడు విజయనగరం వైపు ఒక సున్నపు బట్టీలో పన్నెండేళ్ళు పనిచేశారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ముందుకెళ్ళాక పనికొస్తుంది.

షాపు సరుకు మోసే పాత వ్యాను ఒకటి ఉంది మాకు. దాన్ని క్యాంపర్ వ్యాను చేద్దామని మా అమ్మాయి ఏడాదిగా ప్రాణం తీస్తోంది. సీట్లు పీకేసి, పైకప్పు కోసి, సింకు పెట్టి, అవన్నీ వీడియోల్లో బాగానే ఉంటాయి గానీ బండి నిర్మాణాన్ని అలా మార్చాలంటే ఆర్టీవో అనుమతి కావాలి. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉన్నది ఇందుకే. మేం ఏదీ కొయ్యలేదు, దేనికీ వెల్డింగ్ పెట్టలేదు. వెనక సీటు మడిచి, దాని మీద పరుచుకునేలా మూడు ప్లైవుడ్ పలకలు, వాటికి మడత బందులు, కింద ఇనుప కాళ్ళు. ఎత్తి కింద పెడితే మళ్ళీ సరుకు బండే. పైన నాలుగంగుళాల ఫోమ్ పరుపు, కిటికీలకి దోమతెర గుడ్డ అతికించడానికి వెల్క్రో (కొరాపుట్ జిల్లా అడవుల్లోకి వెళ్తూ దోమతెర లేకుండా వెళ్ళకండి, మలేరియా ఈ వైపు తమాషా కాదు), 5 కిలోల గ్యాసు సిలిండరు, ఒకే పొయ్యి, 20 లీటర్ల నీళ్ళ క్యాను. వంట ఎప్పుడూ బండి బయటే, అది నా రూలు. అంతా కలిపి 11 వేలు. బాత్రూం సంగతి అడగొద్దు. పెట్రోలు బంకులు, గుడి దగ్గరి మరుగుదొడ్లు, అంతే.

మావయ్య పలకలు పరిచాక చుట్టూ తిరిగి చూసి, "ఏటమ్మా ఇది, మంచమా, సంతలో బల్లా? నాను ఇందులో పడుకోను. మీరు పడుకోండి, నాకెక్కడో వరండా సూడండి" అన్నారు. సరే అన్నాం.

కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, అందుకని ముక్కనుమ నాడు పొద్దున్నే బయల్దేరాం. మా వైపు స్కూళ్ళకి సంక్రాంతికి ఆంధ్రాలోలా వారం సెలవులేం ఉండవు, నేనే రెండు రోజులు పెట్టుకున్నాను, అమ్మాయికి కడుపునొప్పి అని రాశాను. లక్ష్మీపూర్ మీదుగా ఘాటీలు ఎక్కుతూ కొరాపుట్. మధ్యలో ఒక సంతలో ఆగి మండియా పేజ్ తాగాం, అంటే మన చోడంబలే, దాంతోపాటు ఎండుమిరపకాయ కాల్చి ఇచ్చారు. ఆ దారి గురించి ఇంకేం చెప్పను, ఫోటోలు బోలెడున్నాయి అందరి దగ్గరా.

మొదటి రాత్రి కొరాపుట్ దాటక ముందే ఒక పెట్రోలు బంకులో అడిగి, లారీల పక్కన పెట్టుకున్నాం. మావయ్యకి బంకు కుర్రాళ్ళు తమ గదిలో చోటిచ్చారు. రాత్రి పదకొండున్నరకి పెద్ద చప్పుడు. మధ్య పలక బందు విరిగి మా ఆయన నడుం కిందకి, కాళ్ళు పైకి. టార్చి వేసి చూస్తే ఏముంది, మందం బందులు వేయమని డబ్బులు పుచ్చుకున్న మనిషి అల్మారా తలుపులకి వేసే రేకు బందులు వేశాడు. బయట చలికి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, ఆ టైములో ఎవర్ని తిట్టుకుని ఏం లాభం. నీళ్ళ క్యాను నిలబెట్టి, దాని మీద బియ్యం డబ్బా పెట్టి, ఆ పలకకి ఊతం ఇచ్చాం. ఆ రాత్రంతా మమ్మల్ని మోసింది ఆ క్యానే. తెల్లారేసరికి పాపం దాని కుళాయి దగ్గర పగులిచ్చి, సగం నీళ్ళు కాళ్ళ దగ్గర పట్టా మీద. వ్యాను గురించి ఇంతే. ఇంకెవరూ అడగకండి.

మర్నాడు ఘాటీ దిగి జయపురం. కొరాపుట్ నుంచి 22 కిలోమీటర్లు. అక్కడ మా పెద్దక్క ఉంటుంది. జయపురంలో తెలుగు వాళ్ళకి కొదవేం లేదు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చిన విక్రమదేవ వర్మ మహారాజు ఊరు మరి. అక్క పెట్టిన పెసరట్లు తిని, కొత్త నీళ్ళ క్యాను కొని, బైపారిగూడ, రామగిరి మీదుగా గుప్తేశ్వరం. జయపురం నుంచి దాదాపు 60 కిలోమీటర్లు. రామగిరి దాటాక రోడ్డుకి రెండు వైపులా సాలవృక్షాల అడవి, ఎదురుగా జీపొస్తే ఎవరో ఒకరు పక్కకి దిగాలి.

ఈ అడవి గుడి చుట్టూ ఉన్నందుకే బతికిందేమో అనిపిస్తుంది. 2024లో ఒడిశా ప్రభుత్వం ఇక్కడ 350 హెక్టార్లని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది, రాష్ట్రంలో నాలుగోది. మన గజపతి జిల్లా మహేంద్రగిరి కూడా ఆ జాబితాలో ఉంది. అంటే ఎక్కడపడితే అక్కడ బండి ఆపి, చితుకులు ఏరి మంట వేసి, పాటలు పెట్టుకుని పడుకునే చోటు కాదు. గుడి దగ్గర బళ్ళు పెట్టుకునే జాగాలోనే, కొబ్బరికాయల కొట్టావిడని అడిగి, ఆవిడ కొట్టు పక్కన పెట్టుకున్నాం. మావయ్యకి ఆవిడ ఒక నులక మంచం కూడా చూపించింది. ఆ మంచం చూడగానే ఆయన మొహంలో వెలుగు చూడాలి!

గుడి అంటే కట్టిన గుడి కాదు, గుట్టలో సున్నపురాతి గుహ. రెండు పక్కలా సంపెంగ చెట్లున్న మెట్లెక్కి వెళ్ళాలి. రాముడు వనవాసంలో ఇక్కడ శివుణ్ణి కొలిచాడని స్థలపురాణం, లింగం ఏటా కొంచెం కొంచెం పెరుగుతుందని నమ్మకం. బొర్రా చూసినవాళ్ళకి ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పక్కర్లేదు. వాననీరు గాలిలో, మట్టిలో ఉన్న బొగ్గుపులుసు వాయువుని కలుపుకుని కొంచెం పుల్లబడుతుంది, ఆ పులుపుకి సున్నపురాయి కరుగుతుంది, కరిగిన సున్నాన్ని మోసుకుంటూ ఆ నీరు గుహ కప్పు నుంచి బొట్టు బొట్టుగా కారుతుంది, కారే చోట వాయువు ఎగిరిపోయి సున్నం మళ్ళీ రాయిగా పేరుకుంటుంది. పైన తరుగు, లోపల పెరుగు. అక్కడ నిలబడి దండం పెట్టుకుంటుంటే నా మెడ మీద ఒక చల్లటి చుక్క పడింది. ఇది కూడా ఏదో ఒక రాయి కావాల్సిందేమో, నా చీర చెడగొట్టింది.

గుహ నుంచి కిందికి దిగితే నది. ఒడియాలో కొలాబ్, కిందికెళ్ళాక మన శబరి. మల్కనగిరి చివర మోటు దగ్గర సీలేరుని కలుపుకుని కూనవరం దగ్గర గోదాట్లో కలిసేది ఇదే. అవతలి ఒడ్డు చత్తీస్‌గఢ్, శివరాత్రికి ఆ వైపు బస్తర్ జనం కూడా దాటొస్తారు. జనవరి కాబట్టి నీళ్ళు తగ్గి, రాళ్ళు బయటపడి ఉన్నాయి. మేం వచ్చింది వీటి కోసమే. గుడికి ఇదివరకు రెండుసార్లు వచ్చాం, ఎప్పుడూ దండం పెట్టుకుని, కొబ్బరికాయ కొట్టి, చీకటి పడకముందే జయపురం. ఈసారి రాళ్ళల్లో తీరుబడిగా నడవాలి, పడుకోవడానికి బండి ఉంది కదా, తొందరేముంది అనుకున్నాం.

మొదట చూస్తే బూడిదరంగు బండలు. మన రాయగడ కొండల్లో చూసే నల్లటి గుండ్రాళ్ళలా ఉండవు. అవి దొర్లి దొర్లి నునుపెక్కిన రాళ్ళయితే ఇవి కరిగి కరిగి మిగిలిన రాళ్ళు, ఆ తేడా చేత్తో తడిమితే తెలుస్తుంది. పై భాగాన నిలువుగా సన్నటి గాళ్ళు, తడిజుట్టుని దువ్వెనతో దువ్వినట్టు, ఒక్కో గాడి నా చిటికెన వేలు పట్టేంత. రెండు గాళ్ళ మధ్య అంచు మాత్రం కత్తిపీట. వాన నీళ్ళు ఏ దారిన కారాయో ఆ దారినే రాయి పోయింది, ఇంతే లెక్క. చదునుగా ఉన్న చోట గుంటలు, గిన్నెల్లా, లోపల నీళ్ళు, ఎండుటాకులు, ఒక దాంట్లో తోకకప్పలు. కొన్ని బండలకి ఈ పక్కనుంచి ఆ పక్కకి చిల్లులున్నాయి, అమ్మాయి చెయ్యి దూర్చి అవతల నుంచి ఊపింది.

మావయ్య మాట్లాడలేదు. ఒక బండ దగ్గర ఆగి, గోరుతో గీకి, వేలు నాలిక మీద పెట్టుకున్నారు. తర్వాత జేబులోంచి వక్కలు కత్తిరించే చిన్న చాకు తీసి, బూడిదరంగు పొర మీద గీత పెట్టారు. లోపల తెలుపు.

"ఇదే" అన్నారు.

పన్నెండేళ్ళు ఈ రాయినే బట్టీలోకి ఎత్తిన మనిషి, ఈ రాయి పుట్టిన చోట పడున్నది ఎప్పుడూ చూడలేదట. లారీల్లో ముక్కలుగా వచ్చేది, పిడికిలంత ముక్కలు కొట్టి, ఒక వరస బొగ్గు ఒక వరస రాయి పేర్చి కాల్చేవాళ్ళట. ఆయన కుడి ముంజేతి మీద తెల్లటి మచ్చ ఒకటుంది, నేను పెళ్ళై వచ్చినప్పటి నుంచి చూస్తున్నాను, నూనె పడిందేమో అనుకున్నాను. పొడిసున్నం మీద నీళ్ళు పోస్తున్నప్పుడు కుతకుత ఉడికి చిందిందట. "కంట్లో పడ్డోళ్ళున్నారమ్మా, నాది చెయ్యే" అన్నారు, అంతకంటే ఏం చెప్పలేదు. ఆ తర్వాత లెక్కలు టీచర్నైన నాకే ఒక లెక్క చెప్పారు. వంద కేజీల మంచి రాయి కాలిస్తే యాభై ఆరు కేజీల సున్నం దిగుతుంది, మిగతా నలభై నాలుగూ గాలైపోతుంది, అంతకన్నా బరువు దిగితే రాయి సరిగ్గా కాలనట్టు, మేస్త్రి తిడతాడు. ఇంటికొచ్చాక రసాయనశాస్త్రం పుస్తకం తీసి పరమాణు భారాలతో చేసి చూశాను, సరిగ్గా 56. ఆయన చదివింది మూడో తరగతి.

అమ్మాయి దగ్గర స్కూలు తెలివి ఉంది. ఉప్మాలోకి తెచ్చిన నిమ్మకాయ కోసి, తాత గీకిన తెల్లపొడి మీద రెండు చుక్కలు పిండింది. చెవి దగ్గర పెట్టి వింటే సుయ్‌మని సన్నటి చప్పుడు, కళ్ళు చిట్లించి చూస్తే చిన్న చిన్న బుడగలు. ముగ్గురం బోర్లా పడుకుని ఆ బుడగలు చూస్తున్నాం, మా ఆయన మాత్రం అందరి చెప్పులకి కాపలా. పక్కనే కొంచెం ఎర్రజీర ఉన్న రాయి మీద పిండితే ఏం పొంగలేదు. "అది బట్టీకి పనికిరాదు" అన్నారు మావయ్య, పాస్ చేయని ఇన్‌స్పెక్టర్ లాగా.

సాయంత్రం గుహల వైపు నుంచి గబ్బిలాలు బయల్దేరాయి. ఈ సున్నపురాతి గుహల్లో ఎనిమిది రకాల గబ్బిలాలు లెక్కకొచ్చాయట. మాకు అన్నీ ఒకటే, నల్లగా, తలమీంచి, ఒక్క చప్పుడు లేకుండా. చోళ్ళ రొట్టె, వంకాయ పచ్చడి తిని ఎనిమిదింటికే పడుకున్నాం. బందుకి మా ఆయన షాపు నుంచి తెచ్చిన కరెంటు తీగ పది చుట్లు చుట్టాడు, అది ఆగింది.

ఇప్పుడు నడక.

ముందు రోజు సాయంత్రం గంటసేపు నడిచి ఏమీ కాకపోయేసరికి నాకు ధైర్యం వచ్చేసింది. అసలు తప్పు అక్కడే. పొడిగా ఉన్న సున్నపురాయి కాలిని గరుకు కాగితంలా పట్టుకుంటుంది, జారదు, ఏటవాలు బండ మీద కూడా నిలబడొచ్చు. దాంతో రాయంతా ఇలాగే ఉంటుందనుకుంటాం. కానీ జనం దిగి స్నానాలు చేసే చోట వేల కాళ్ళు తొక్కి తొక్కి అదే రాయి అద్దంలా అయిపోయి ఉంటుంది, నీటి అంచున పచ్చటి నాచు పట్టిన చోటైతే సబ్బే. రంగు చూసి అడుగు వేయాలని కొబ్బరికాయల కొట్టావిడ పొద్దున్న టీ ఇస్తూ చెప్పింది కూడా. బూడిదరంగు మంచిది, మెరిసేది మంచిది కాదు, ఆకుపచ్చ మీద అడుగే వేయొద్దు. ఇంకోటి కూడా చెప్పింది. పైన కొలాబ్ ఆనకట్ట ఉంది, ఎండగా ఉందని నది మధ్యకి పోయి కూర్చోవద్దు, రాయి మీద తడి గీత పైకి జరుగుతోందా లేదా అని చూసుకుంటూ ఉండండి అని. ఈ రెండో మాట శ్రద్ధగా విన్నాను. ఒడ్డు వదల్లేదు.

పొద్దున్న ఎనిమిదిన్నరకి మంచు ఇంకా నది మీద దుప్పటిలా ఉంది. మావయ్య చేతికర్ర పట్టుకుని ముందు. ఆయన నడక చూసి నేర్చుకోవాల్సింది. ఒక అడుగు వేసి, రాయి కదులుతుందేమో అరికాలితో నొక్కి చూసి, కర్రతో ముందున్న సందు పొడిచి, అప్పుడు రెండో కాలు. ఎక్కడా దూకరు. రెండు బండల మధ్య మూరెడు ఎడం ఉన్నా కూర్చుని, కాలు దింపి, అవతల చేత్తో పట్టు దొరికాకే లేస్తారు. మా అమ్మాయి మేకపిల్లలా దూకుతోంది, వాళ్ళ నాన్న అరుస్తున్నాడు. నేను మధ్యలో, ఫోన్ పట్టుకుని, మూడేళ్ళ నాటి సాండల్స్ వేసుకుని (అడుగు అరిగి నున్నబడిందని తెలుసు, షూస్ వ్యానులోనే ఉన్నాయి, ఏం చెప్పను), ఒక గాళ్ళ రాయికి ఎండ తగులుతుంటే ఫోటో తీద్దామని ఒక్క అడుగు వెనక్కి వేశాను.

ఎండుటాకులు. నేల అనుకున్నాను. రెండు బండల మధ్య సందు నిండా ఆకులు రాలి సమంగా కప్పేశాయి. మోకాలి కింద వరకు దిగిపోయింది కాలు. పాదం లోపల ఒక వైపుకి మడతపడింది, ఒళ్ళు ఇంకో వైపుకి ఒరిగింది, పడకుండా పట్టుకున్న అంచు అరచెయ్యి కోసేసింది. చప్పుడు వినిపించింది నాకు. విరిగిందనుకున్నాను.

మా ఆయన పరిగెత్తుకొచ్చి చంకల కింద చేతులేసి లాగబోతే మావయ్య "లాగకురా!" అని అరిచారు. ఆయన అరవగా నేను విన్నది అదే మొదటిసారి. వచ్చి, కూర్చుని, సందులోని ఆకులు చేత్తో కాదు, కర్రతో తోడారు (లోపల ఏముంటుందో ఎవరికి తెలుసు, జెర్రో, ఇంకేదో). సాండల్ పట్టీ విప్పమన్నారు. పట్టీ విప్పగానే పాదం దానంతటదే తిరిగి బయటికొచ్చింది, సాండల్ లోపలే ఉండిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది. లాగి ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించదల్చుకోలేదు.

కాలు కింద పెడితే ప్రాణం పోతోంది. బండి దగ్గరికి రెండు వందల మీటర్లుంటుందేమో. ఎత్తుకుంటానన్నాడు మా ఆయన. ఆ రాళ్ళ మీద నన్ను ఎత్తుకుంటే ఇద్దరం పోతాం. చివరికి నేను పిరుదుల మీద జరుగుతూ బయల్దేరాను, రెండు చేతులూ వెనక పెట్టి, మంచి కాలితో తోసుకుంటూ, ఒక్కో బండా దిగుతూ. గంటంబావు పట్టింది. చీర కట్టుకోకపోవడం ఒక్కటే ఆ రోజు నేను చేసిన తెలివైన పని.

ఆ గంటంబావులో రాళ్ళని చూసినట్టు నేను ముందు రోజు చూడలేదు. నిలబడి నడిచేటప్పుడు కళ్ళు అడుగు మీదే ఉంటాయి, జరుగుతూ వెళ్తే రాయి మొహానికి జానెడు దూరంలో ఉంటుంది. పక్క నుంచి చూస్తే బండంతా పొరలు, పూతరేకుల్లా, ఒక బూడిద పొర, ఒక తెల్ల పొర, మళ్ళీ బూడిద, కొన్ని పొరలు కాగితమంత. ఒక చోట పొరలన్నీ కలిసి చీర కుచ్చిళ్ళలా మడతపడున్నాయి, రాయి అలా ఎలా మడతపడిందో. ఒక తెల్లటి జీర ఈ పొరలన్నిటినీ అడ్డంగా కోసుకుంటూ పోయింది, దాని మీద ఎండ పడితే పంచదార పలుకుల్లా తళుక్కుమంది. నొప్పికి కళ్ళల్లో నీళ్ళు కారుతూనే ఉన్నాయి, అయినా అమ్మాయిని పిలిచి చూపించాను.

ఇంకో సందులో తెల్లటి నత్తగుల్లలు, ఖాళీవి, పదీ పదిహేను. "అమ్మా, సముద్రం! సముద్రం గుల్లలు!" అని అరిచింది. సున్నపురాయి సముద్రం అడుగున పేరుకుంటుందని పుస్తకంలో ఉంది కదా మరి. నిజమే, ఇదీ ఒకప్పుడు సముద్రం అడుగే. కానీ ఈ వైపు రాయి నత్తలూ చేపలూ ఇంకా పుట్టని కాలం నాటిది, దీంట్లో గుల్లల అచ్చులుండవు. ఆ గుల్లలు మొన్నటి వానాకాలం నత్తలవి. నత్తకి గుల్ల కట్టుకోవాలంటే సున్నం కావాలి, సున్నం ఎక్కడుంటే అక్కడ చేరతాయి. ఇదంతా నేను బండ మీద కూర్చుని, ఒక కాలు చాపుకుని, పాఠం చెప్పినట్టు చెప్పాను. మా ఆయన "ఇప్పుడు అవసరమా" అన్నాడు. అవసరమే, ఆ పాఠం చెప్తున్నంతసేపూ కాలు గుర్తు రాలేదు.

అమ్మాయి ఒక తెల్ల రాయి ముక్క జేబులో వేసుకుంది. తాత చూసి పెట్టేయమన్నారు. ఇది కాపాడుతున్న అడవి, పుల్లైనా రాయైనా తీసుకెళ్ళకూడదని వాళ్ళ నాన్న కూడా చెప్పాడు. అలిగి, తీసిన చోటే పెట్టింది. నా సాండల్ మాత్రం వదిలేసి వచ్చాం, అది ఏ లెక్కలోకి వస్తుందో.

కొట్టావిడ నా కాలు చూసి నదిలోని చల్లటి నీళ్ళు బకెట్లో తెచ్చి పాదం ముంచమంది, మంచు ముక్కలు ఎక్కడ దొరుకుతాయి అక్కడ. చీలమండ అప్పటికే అరటిపువ్వంత ఉబ్బింది. అరచేతి కోత కడిగి గుడ్డ కట్టాం. క్రేప్ బ్యాండేజీ మందుల డబ్బాలో ఉంది, ఒక్కటంటే ఒక్కటే పని చేసిన సామాను. కాలు ఎత్తుగా పెట్టుకోవాలి కదా, వ్యానులో పలకల మీద పడుకుని, కాలు ఆ పాత పగిలిన క్యాను మీద పెట్టుకుని జయపురం దాకా వచ్చాను. ప్రతి గుంతకీ ఆ క్యాను కిర్రుమనేది, నేనూ అనేదాన్ని.

దారిలో మొదట ఆగిన చోట ఎక్స్‌రే తీసే మనిషి సెలవులో ఉన్నాడన్నారు. జయపురంలో ఒక క్లినిక్‌లో తీశారు. విరగలేదు, బయటి వైపు కీలుని పట్టి ఉంచే లిగమెంటు సాగింది, మూడు వారాలు బరువు వేయొద్దన్నారు. ఆ రాత్రి అక్క వాళ్ళింట్లో మంచం మీద పడుకోమంటే అమ్మాయి ఒప్పుకోలేదు, మూడు రాత్రులు వ్యానులో పడుకుంటామని స్కూల్లో చెప్పేసిందట. పెరట్లో వ్యాను పెట్టి, అక్క వాళ్ళ కరివేపాకు చెట్టు కింద, అదే పలకల మీద పడుకున్నాం. బావ వచ్చి టార్చి వేసి చూసి, "ఇల్లుండగా ఇదేం ఖర్మమ్మా" అన్నాడు.

ఇప్పుడు ఐదో వారం. నడుస్తున్నాను, మెట్లు దిగేటప్పుడు మాత్రం మావయ్యలాగే, ఒక అడుగు నొక్కి చూసి. బందులు మార్పించాం, ఈసారి మా ఆయనే కొని తెచ్చి దగ్గరుండి బిగించాడు. వానలు పోయాక కార్తీకంలో మళ్ళీ వెళ్దామంటున్నది నేనో పిల్లో కాదు, మావయ్య. ఆ మడతపడిన పొరల రాయి నేను చెప్పడమే గానీ ఆయన చూడలేదట, ముందు నడిచిపోయారట. అయితే ఈసారి వరండాలూ అడుక్కోడాలూ వద్దు, తన నులక మంచం తనే తెచ్చుకుంటారట. నిన్న సాయంత్రం మా ఆయన టేపు పట్టుకుని వ్యాను పైన క్యారియర్ కొలుస్తున్నాడు. మంచం అర అడుగు పొడవెక్కువ.